రాజనర్సు చేతులు

మా అన్న రాజనర్సు పోయిన రెండేళ్లకు అతని చొక్కా రంగు నా వేలికి అంటింది.

జూన్ నెల. మనామాలో జింజ్ అనే పేటలో ఒక పాత విల్లాలో ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని ఫోన్ వస్తే మా కంపెనీ నన్ను పంపింది. తలుపు తీసినావిడ మేడ మీద గది చూపించి, పొయ్యి మీద పప్పు ఉందంటూ కిందికి వెళ్లిపోయింది. గదిలో గోడల పొడుగునా బొమ్మలు ఆనించి ఉన్నాయి. నూనె వాసన. సరిగ్గా ఏసీ కింద చెక్క స్టాండు మీద మనిషంత ఎత్తున్న బొమ్మ ఒకటి పెట్టి, నీళ్లు పడకుండా పైన ప్లాస్టిక్ కవరు వేలాడదీశారు. నిచ్చెన వేయాలంటే దాన్ని జరపక తప్పదు. కవరు తీశాను. లోపల మా అన్న కూర్చుని నా వైపు చూస్తున్నాడు.

అచ్చంగా మా అన్నే. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగిన చోటు, కొంచెం ముందుకొచ్చిన కింది పెదవి, ఏదో అనబోయి ఎందుకులే అని మానుకున్నప్పుడు పెట్టే ముఖం.  దగ్గరికెళ్లి భుజం మీద వేలు పెట్టాను. ఎందుకు పెట్టావంటే చెప్పలేను. వేలు తీసి చూస్తే కొసన నీలం రంగు. బొమ్మ ఇంకా ఆరలేదు.

ఆ నీలం వేలిని చూస్తూ నేను కొయ్యబారిపోవడానికి కారణం మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో ఉంది. అన్న ఇక్కడ సముద్రం పూడ్చే పనిలో ఉండేవాడు. ఒకరోజు పడవ బోల్తా పడింది. చాలా రోజులకు దొరికాడన్నారు. శంషాబాద్‌లో పెట్టె నేనే తీసుకున్నాను. తెరవొద్దని చెప్పి ఇచ్చారు. వాకిట్లో పెట్టె దించగానే మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి దుర్గవ్వ, కొడుకు ముఖం చూపించమంది. పెద్దమనుషులు వద్దన్నారు, చూసేటట్టు లేదన్నారు. ముఖం చూడలేదు, స్నానం పోయలేదు, నోట్లో ఇన్ని నీళ్లు వదల్లేదు. "ఎవని పెట్టెనో తెచ్చి నా కొడుకంటరా" అని అవ్వ లేచి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్న చనిపోలేదు. పొద్దున లేస్తే వదిన భూలక్ష్మి నుదుట అవ్వే స్వయంగా బొట్టు పెడుతుంది. మాపటికి అన్న కంచంలో అన్నం పెట్టి మూత వేస్తుంది. గోడ మీద ఫోటోకు దండ లేదు. బతికున్న మనిషికి ఏడిస్తే అశుభమని వదినను కంట తడి పెట్టనివ్వలేదు. నేను కూడా ఇదే దేశం వస్తానంటే ఊరంతా అవ్వ అడ్డం పడుకుంటుందనుకుంది. అవ్వ తొక్కు జాడీ కట్టిచ్చి, "దుబాయికి పో. పోయి అన్నను తోల్కరా" అంది. అవ్వకు ఈ ఎడారి దేశాలన్నీ దుబాయే. సంపాదించుకురమ్మని ఒక్క మాట అనలేదు.

"పచ్చి రంగు బేటా, ముట్టకు."

వెనక్కి తిరిగాను. ఇందాకటి ఆవిడ చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉంది. అప్పటిదాకా నన్ను సరిగా చూసినట్టు లేదు. ఇప్పుడు నన్నూ, బొమ్మనూ మార్చి మార్చి చూసి గ్లాసు కిటికీలో పెట్టేసింది.

"నువ్వు రాజాకు ఏమైతవు?"

"తమ్మున్ని. పరశురాం."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. పేరు కనీజ్, ఆపా అనమంది, అక్క అని. వాళ్లది కోరుట్ల. మా ఊరికి బస్సులో ఎంతోసేపు పట్టదు. పెనిమిటి ఇనాయత్ ఈ ఇంటి డ్రైవరు, ఆవిడ వంట చేస్తుంది. ఇంటాయన ఇటలీ మనిషి, పేరు అత్తీలియో, బొమ్మలు వేస్తాడు.

"పక్క బిల్డింగు కడ్తున్నప్పుడు సాబ్ ఈ కిటికీల కెల్లి మీ అన్నను చూసి పిలిపిచ్చిండు. శుక్రవారం శుక్రవారం ఒచ్చి ఆ కుర్సీల కూసునేటోడు. నేను పప్పుల పులుపు తక్కువేస్తే మొకం మీదనే చెప్పేటోడు బేటా. ఆడికెల్లి సముద్రం పనికి మారినా శుక్రవారం మాత్రం తప్పకపోయేది."

"అన్న పోయి రెండేండ్లయితుంది గదా ఆపా. ఇది పచ్చిగెందుకున్నది?"

ఆవిడ జవాబు చెప్పేలోపు మెట్ల మీద అడుగులు వినిపించాయి. పొడుగ్గా, నడుం వంగిన ముసలాయన వచ్చాడు. తెల్లగడ్డం, కళ్లద్దాల మీద కూడా రంగు చుక్కలు. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఇక్కడి ముప్ఫై ఏళ్లలో పనివాళ్ల దగ్గర నేర్చిన హిందీలో తాపీగా అన్నాడు.

"ఇంత ఆలస్యమా రాజా. ముఖం అయిపోయింది, చేతులు మిగిలిపోయాయి. శుక్రవారం రా."

అప్పుడు చూశాను చేతుల వంక. ఒళ్లో ఒక చాయ్ గ్లాసు, దాని చుట్టూ రెండు చేతులు. గీకేసి మళ్లీ వేసినట్టు అక్కడ రంగు దళసరిగా గడ్డకట్టి ఉంది. ముఖానికీ ఆ చేతులకూ ఏ సంబంధమూ లేదు.

కిందికి దిగాక కనీజ్ ఆపా చెప్పింది. ఆయన పనిచేసే తీరే అంత. మనిషి ఎదురుగా ఉన్నన్నాళ్లూ ముఖం మీదే పని, చేతులు చివరికి అట్టిపెట్టుకుంటాడు. ముఖం అయ్యేసరికి రాజా రావడం మానేశాడు. చనిపోయాడని ఇనాయత్ కనుక్కొచ్చి చెబితే ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. కొన్నాళ్లకు మతిమరుపు మొదలైంది. రాజా ఏడీ అన్నాడు. మళ్లీ చెప్పారు. మళ్లీ కొత్తగా విన్నట్టు అంతే ఏడ్చాడు.

"ఇగ మూడోసారి చెప్ప బుద్ధి కాలేదు బేటా. శుక్రవారం ఒస్తే రాజాకు కూడ అన్నం వండమంటడు. వండుత. ఇనాయత్‌నో, తోటమాలినో పట్టుకొచ్చి కూసోబెట్టి చేతులు ఏస్తడు. నచ్చయి. గీకేస్తడు. ఆ రంగులు చొక్కాకు అంటితే చొక్కా మల్ల ఏస్తడు. గందుకే ఎప్పటికీ పచ్చిగుంటది."

ఆవిడ చెప్పింది నా బుర్రకు ఎక్కింది. కానీ నేను కూడా మా అన్న ముఖం చూడకుండానే చితికి నిప్పు పెట్టినవాణ్ణి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా రూముకు వెళ్లాక సబ్బుతో ఎంత రుద్దినా వేలికున్న నీలం పోలేదు. థిన్నర్ వేస్తే పోతుందని మా రూములో కిషన్ అన్నాడు. నేను వెయ్యలేదు.

*

బొమ్మ ఫోటో వదిన ఫోనుకు పంపాను. కింద గొంతు రికార్డు చేసి పెట్టాను, అన్న బొమ్మ దొరికింది వదినా, చిత్రమేమంటే రంగు ఇంకా ఆరలేదు అని. వదిన వింటుంటే పక్కన అవ్వ ఉంది.

మరునాడు పొద్దున్నే అవ్వ ఫోను. అవ్వ గొంతు అంత తేటగా నేను రెండేళ్లలో వినలేదు.

"ఆరలేదంటివి గద బిడ్డా. ఆరలేదంటే మొన్న మొన్ననే కూసున్నట్టు గదా. దొరికిండు."

"గట్ల కాదవ్వా, ఆ ముసలాయన..."

"ఏం చెప్పకు. శుక్రవారం నువ్వు ఆడికే పో. పోయి కూసో. వాడొస్తడు."

ఫోను వదిన తీసుకుంది. అరుగు దాటి పెరట్లోకి నడిచినట్టుంది, కోళ్ల చప్పుడు వినిపించింది. 

"నాకు తెల్సు పరశురాం. ఆ పెట్టె దించిన్నాడే తెల్సు. పొద్దుగాల అత్త కుంకుమ డబ్బి పట్టుకొస్తుంటే పెరట్లకు ఉరకాల్ననిపిస్తది నాకు. తల వంచి పెట్టిచ్చుకుంటున్న. నేను ఇంకా ఏడ్వలేదు, నీకు తెల్సా. ఒక్కపారి కూడ ఏడ్వలేదు."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. అన్నను తోలుకుపోవడం నా వల్ల కాదు. కానీ అవ్వ ఏదో ఒకటి కళ్లారా చూసి, పోయాడని ఒప్పుకుంటే తప్ప వదినకు విడుదల లేదు. శుక్రవారం స్నానం చేసి జింజ్ వెళ్లాను.

ముసలాయన తలుపు దగ్గరే ఉన్నాడు. "ఆలస్యం చేశావు రాజా" అని లోపలికి తీసుకెళ్లాడు. కాదని చెప్పబోతే కనీజ్ ఆపా కళ్లతో వద్దంది.

భోజనం వేళకు ఇంకా టైముందని బొమ్మలు చూపించాడు. గుమ్మం వైపున్నవన్నీ సూట్లూ, తెల్లటి పొడుగు అరబ్బు థోబులూ వేసుకున్న పెద్దింటి మనుషులవి. వాటి ముందు ఆగలేదు. గోడ వైపు తిప్పి పెట్టినవి ఒక్కొక్కటే ఇటు తిప్పాడు. తోపుడు బండి మీద ముడుచుకుని పడుకున్న మనామా బజారు హమాలీ. గడ్డం గీయించుకుంటూ నిద్రపోయిన మనిషి, అతన్ని లేపాలా వద్దా అని కత్తి పట్టుకుని నిలబడ్డ మంగలి. చేపల పొలుసు తీస్తూ నవ్వుతున్న మనిషి, మీసం మీద పొలుసు. వాళ్ల చేతులు చూసి నేను కదల్లేకపోయాను. ఈ దేశంలో నన్నెవరూ అంత సేపు చూడలేదు, మా అన్నను ఈయన చూశాడు.

ముసలాయన ఊళ్లో వాళ్ల నాన్నకు రొట్టెల బట్టీ ఉండేదట. చిన్నప్పుడు బట్టీలో పనివాళ్లనూ, బట్టలుతికే ఆడవాళ్లనూ వేసేవాడు. ఎవరూ గోడకు పెట్టుకోలేదు. ఎవరి ముఖం వాళ్లకు కావాలి గానీ పనివాడి ముఖం ఎవరికి కావాలి? ఇక్కడొక వ్యాపారి తన తాత బొమ్మ వేయమని పిలిస్తే వచ్చి, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పెద్దల ముఖాలు వేస్తూ ఉండిపోయాడు. భార్యను కూడా ఇక్కడే పూడ్చిపెట్టాడు. ఇప్పుడు చెల్లెలి కూతురు వచ్చి తీసుకుపోతానంటోంది. ఎండాకాలం దాటితే ఈ ఇల్లు ఖాళీ. ఆయనకు వెళ్లడం ఇష్టం లేదని కాదు, ఈ ఒక్క బొమ్మా పూర్తి కాకుండా వెళ్లలేనంటున్నాడు.

అన్నం తిన్నాక మేకుకు తగిలించిన నీలం చొక్కా తీసి నాకిచ్చాడు. బొమ్మలో ఉన్నది అదే. రంగు మారకూడదని వచ్చినప్పుడల్లా మా అన్నతో అదే వేయించేవాడట. తొడుక్కుంటే కాలరు దగ్గర పాత చెమట మరక నా మెడకు తగిలింది.  కుర్చీలో కూర్చుంటే ఎదురుగా అన్న, అన్న ఎదురుగా నేను. ఆ ముఖం నన్ను చూసి ఏదో అనబోతూ ఆగిపోతోంది. తోలుకుపోతావారా, అంటున్నట్టుంది. ఏసీ చల్లగానే ఉంది గానీ నా వీపంతా తడిసిపోయింది.

ముసలాయన నా చేతిలో ఖాళీ చాయ్ గ్లాసు పెట్టాడు. చేతులను చూశాడు. దగ్గరికొచ్చి తిప్పి చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. తర్వాత మెల్లగా నా చేతులు వదిలేసి వెనక్కి జరిగాడు.

"ఇవి రాజా చేతులు కావు" అన్నాడు. "ఎవరు నువ్వు?"

ముఖం చూసి మోసపోయినవాడు చేతులు చూసి మోసపోలేదు.  కనీజ్ ఆపా తల వంచుకుని నిలబడింది. అప్పుడే నా ఫోను మోగింది. వీడియో కాల్, అవ్వ. వాడొచ్చాడా అని చూడటానికి చేసింది.

ఫోనును బొమ్మ వైపు తిప్పాను. అవ్వ దగ్గరికి జరిగింది. స్క్రీను కళ్లకు ఆనించుకున్నట్టుంది, ఒక కన్నూ కొంచెం నుదురూ కనిపించాయి.

"మొకం వానిదే" అంది. "చేతులు ఎవనియి?"

"ఇంకోలయి అవ్వా. అన్నవి ఏసుడు కాలేదు."

"ఎందుకు కాలేదు? మొన్న ఒచ్చిండు గదా."

ముసలాయనకు తెలుగు రాకపోయినా ఫోనులో ఉన్నది ఎవరని అడిగాడు. రాజా తల్లి అని కనీజ్ ఆపా చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. పోయిన శుక్రవారమే వచ్చాడని చెప్పు, మంచివాడు, పప్పు బాగా తిన్నాడని చెప్పు, అన్నాడు. ఆపా నన్ను చూసింది. నేను ఆపాను చూశాను. ఇద్దరిలో ఎవరం ఆ మాటను తెలుగులోకి తెచ్చినా అవ్వ ఇక జన్మంతా వాకిట్లోనే కూర్చుంటుంది. ఆపా కొంగు సర్దుకుని ఫోను దగ్గరికొచ్చింది.

"అమ్మా, మాది కోరుట్ల. ఈ సాబ్‌కు యాది ఉండదమ్మా. మీ కొడుకు ఈడికి రాక రెండేండ్లయింది. నా చేతితోని అన్నం పెట్టిన, అబద్ధం చెప్ప."

అవతల ఫోను దేనికో ఆనించి పెట్టిన చప్పుడు. వదిన ఊపిరి వినిపిస్తోంది. అవ్వ కోపం తెచ్చుకోలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"యాది లేనాయనకు చేతులు ఎట్లొస్తయి" అంది కాసేపటికి. "నేను చెప్త. బొమ్మ దియ్యమను."

*

ఆ ఎండాకాలమంతా శుక్రవారాలు అలా గడిచాయి. నేను నీలం చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి, భుజాల కొలత తప్పకుండా. ఆపా ఫోను పట్టుకునేది. అవ్వ చెప్పేది, ఆపా హిందీలో చెప్పేది, ముసలాయన బొగ్గు ముక్కతో కాగితం మీద గీసి ఫోనుకు చూపించేవాడు. బయట గాలి తేమతో కాలిపోతుండేది, కిటికీ అద్దం మీద నీళ్లు కారేవి.

"కుడి బొటనేలు గోరు మీద నిలువు గీత ఉంటది. బీడీ ఆకులు కత్తిరిచ్చేటప్పుడు కత్తెర దిగింది. నాకు సాయం చెయ్యబోయి తెగ్గోసుకున్నడు. గోరు పోయి మల్ల ఒచ్చింది గని ఆ గీత పోలే."

ముసలాయన గీశాడు.

"గంత పెద్దగ కాదు. సన్నగ. ఆ."

ఎడమ చిటికెన వేలు పూర్తిగా చాపితే చాపుకోదు. ఎడ్ల బండి చక్రం కింద పడింది. వేళ్ల కణుపులు వాళ్ల నాన్నవి, ఎముక బయటికి ఉంటుంది. అరచెయ్యి వెడల్పు, వేళ్లు పొట్టి. "ఏండ్ల సందులల్ల మన్ను ఇరుక్కునేది. సబ్బు పెట్టి నేనే తోమేదాన్ని. నలిగిందే నలిగిందే అని ఒర్లేటోడు" అంటూ అవ్వ నవ్వింది. అవ్వ నవ్వడం చూసి నేను తల పక్కకు తిప్పుకున్నాను. చొక్కా మీద కన్నీళ్లు పడితే సాబ్ తిడతాడని నాకు నేను చెప్పుకున్నాను.

మా అవ్వ చదువుకోలేదు, ఆయన వాళ్ల దేశంలో ఏ బళ్లో నేర్చుకున్నాడో నాకు తెలియదు. కానీ ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాకుండానే కుదిరిపోయింది. ముసలాయన కాగితం చింపితే అవ్వ "అయ్యో, బాగనే ఉండె గద" అనేది. అవ్వ వద్దంటే ఆయన ఒక్కసారీ వాదించలేదు. వారం తిరిగేసరికి మాత్రం ఆయనకు ఏదీ గుర్తుండేది కాదు. వెళ్లగానే "ఆలస్యం చేశావు రాజా" అనేవాడు, చేతులు చూసి ఎవరు నువ్వనేవాడు, అప్పుడు ఆపా ఫోను కలిపేది. ప్రతి శుక్రవారం నేను మొదట చనిపోయిన మనిషిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి, తర్వాతే నేనయ్యేవాణ్ణి. రోజులు గడిచే కొద్దీ ఆ మొదటి మాట వినడానికి నాకు భయం పట్టుకుంది. రూములో అద్దం ముందు దువ్వుకుంటుంటే కనుబొమ్మ మధ్యలో తెగిన చోటు వెతుక్కునేవాణ్ణి.

వదిన ఒకసారి విడిగా ఫోన్ చేసింది.

"అత్త రెండు రోజుల సంది కంచం పెడ్తలేదు. యాది మరిచిందేమో అని నేను పెట్టబోతే, ఉండనీ బిడ్డా అన్నది."

"ఇంకేమన్నదా?"

"ఏమనలే. పరశురాం, నాకేమనిపిస్తుంది అంటే... ఆ చేతులు ఒక్కొక్కటి చెప్పుకుంట అత్త మీ అన్నకు తానం పోస్తున్నది. ఆన్నాడు పొయ్యనియ్యలేదు గద."

 వదిన చెప్పేదాకా నాకు తట్టలేదు.

*

సెప్టెంబరులో ఇల్లు సర్దడం మొదలైంది. గోడ వైపున్న బొమ్మలన్నీ చెక్కపెట్టెల్లోకి వెళ్లాయి. మేడ మీద గదిలో స్టాండు, కుర్చీ, మా అన్న మిగిలారు.

ఆ శుక్రవారం ముసలాయన బొమ్మ మీదే నేరుగా రంగు వేస్తున్నాడు. కుడి చెయ్యి అయింది. ఎడమ చెయ్యి సగమైంది. అవ్వ చివరిదాకా చెప్పకుండా దాచుకున్నది అప్పుడు చెప్పింది.

"ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ. మసులుతున్న మక్క గటక కుండ దించుతుంటే నా చేతులకెల్లి జారి వాని మీద పడ్డది. నాలుగేండ్లోడు. అది నేను పెట్టిన మచ్చ."

ఆపా ఆ మాటను హిందీలో చెప్పడానికి కొంచెం ఆలస్యం చేసింది. ముసలాయన సన్న కుంచె తీసుకుని మచ్చ వేశాడు. ముడతలు పడ్డ చర్మం, అంచున తెలుపు. ఎప్పుడో చూసినవాడిలా వేశాడు. ఫోను దగ్గరికి పెట్టి చూపించింది ఆపా.

అవ్వ చూసింది. చూసి చూసి, "అట్లనే ఉంటది" అంది. "ఇగ దాన్ని కప్పమను. కుడిచెయ్యి తెచ్చి దాని మీద పెట్టుమను. నా ముంగట కూసున్నప్పుడు వాడు ఎప్పుడు దాన్ని నాకు కనవడనియ్యలేదు. చూస్తె నేను బాధపడ్త అని."

ఆపా చెప్పింది. ముసలాయన కుంచె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా తన ఎడమ మణికట్టు మీద కుడి అరచెయ్యి పెట్టుకుని మా వైపు చూశాడు.

"ఇట్లా" అన్నాడు. "ఇట్లాగే కూర్చునేవాడు. గ్లాసు పట్టుకోమని నేను బలవంతం చేసేవాణ్ణి. తాగేసి పక్కన పెట్టి మళ్లీ ఇట్లాగే కూర్చునేవాడు. నేను కోప్పడేవాణ్ణి."

మా అన్న ఇక్కడ, వేల మైళ్ల అవతల, ఎవరూ చూడని గదిలో కూడా అవ్వ కోసం ఆ మచ్చను కప్పుకునే కూర్చున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

ముసలాయన పొడుగాటి కత్తితో గ్లాసు గీకేశాడు. కుడిచేతిని గీకి కింద మళ్లీ వేశాడు. ఇనాయత్ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయాడు. మచ్చ మీదికి అరచెయ్యి వచ్చింది. అయిపోవస్తుండగా ఆయన ఆపాతో ఏదో అన్నాడు. ఆపా అడిగింది.

"అమ్మా, గిలాస తీసేసిండు. చేతుల ఏమన్న పెట్టాల్నా అంటుండు. పనిముట్టు గిట్ల?"

వీడియోలో అవ్వ వెనక మా ఇంటి గోడ కనిపిస్తోంది, దండ లేని ఫోటో కనిపిస్తోంది. అవ్వ ఫోటో వైపు తిరగలేదు. బొమ్మనే చూస్తోంది.

"ఏం పెట్టకుండ్రి" అంది. "ఖాళీగుండనియ్యిండ్రి. పనైపోయింది బిడ్డకు."

 అవ్వ ఫోను కింద పెట్టినట్టుంది, మా ఇంటి వాసాలు కనిపించాయి. అవ్వ గొంతు మాత్రం వినిపించింది, మామూలుగా, పొయ్యి మీద పాలు చూడమని చెప్పినంత మామూలుగా.

"భూలక్ష్మీ. చూసుడయింది. ఇగ ఏడువు బిడ్డా."

 వదిన ఏడుపు మొదలైంది. రెండేళ్లు దాచిపెట్టిన ఏడుపు, నేను పుట్టాక అట్లాంటిది వినలేదు. ఆపా ఫోనును గుండెకు ఆనించుకుని కింద కూర్చుండిపోయింది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేస్తే అన్న ఒక్కడే అయిపోతాడనిపించింది.

"ఎవరు ఏడుస్తున్నారు?" అని ముసలాయన అడిగాడు.

"రాజా భార్య, సాబ్."

"ఎందుకు?"

ఆపా నా వైపు చూసింది. ఈసారి నేను తల ఊపాను.

"రాజా చనిపోయిండు సాబ్. సముద్రంల."

ఆయన ఏడుస్తాడని ఇద్దరం ఎదురుచూశాం. కుంచెను గుడ్డతో చాలాసేపు తుడిచాడు. "నాకిది ముందు ఎవరైనా చెప్పారా?" అన్నాడు.

"రెండుసార్లు చెప్పినం సాబ్."

"అయితే మళ్లీ చెప్పు. నాకు గుర్తుండేదాకా చెబుతూ ఉండు" అని, వంగి, బొమ్మ మూలన తన పేరు రాశాడు.

*

బొమ్మ రాజా తల్లికే అన్నాడు ముసలాయన. రంగు ఆరాలి, దానికి కొన్ని వారాలు కావాలి. ఆరితేనే చుట్టి పంపడానికి కుదురుతుంది. మా కంపెనీ షెడ్‌లో మిగిలిన లావు ప్లాస్టిక్ గొట్టం ఒకటి అడిగి తెచ్చుకున్నాను, అందులో చుట్టి పెట్టుకుని నేనే స్వయంగా తీసుకెళ్లాలని. ఊళ్లో పదో రోజు, పదకొండో రోజు అన్నీ ఇప్పుడు చేస్తారట. ఫోటోకు కాదు, బొమ్మ వచ్చాక బొమ్మకే దండ వేస్తానంది అవ్వ.

వారం మధ్యలో వదిన ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది గానీ మాట తేలికగా ఉంది.

"పొద్దున అత్త బొట్టు పెట్టలే. డబ్బి నా చేతిల పెట్టి, నీ ఇష్టం బిడ్డా అన్నది."

"నువ్వేం చేసినవ్ వదినా?"

"ఇంకా చేతిలనే పట్టుకోని తిరుగుతున్న. తొందరేమున్నది."

ఇంటాయన ప్రయాణానికి ముందరి శుక్రవారం గొట్టం భుజాన వేసుకుని జింజ్ వెళ్లాను. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. ఆ మాట మళ్లీ వినాలి, ఆలస్యం చేశావు రాజా అనే మాట. ఆయన అట్లా అంటే ఈసారి నేనేం చేస్తానో నాకే తెలియదు. బెల్లు నొక్కాను. లోపల చెప్పుల చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది. తలుపు ఆయనే తీశాడు.

నా ముఖం చూసి నోరు తెరిచాడు. ఏదో అనబోయి ఆగాడు. చూపు కిందికి దించి, గొట్టం పట్టుకున్న నా చేతులను చూశాడు. ఒకటి, తర్వాత రెండోది. 

"రాజా తమ్ముడివి" అన్నాడు. "లోపలికి రా."